బైండింగు కాక పిల్లి ఎందుకు చొంగ కార్చింది

పశువుల దవాఖానలో కొలువుకు చేరిన మొదటి రోజు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేది ఆ దవాఖాన, ఇప్పుడు లేదు. గేటు దగ్గర గేదెలను, గుర్రాలను, మేకలను పట్టుకొని జనం వరుసగా నిలబడి ఉన్నారు. కొలువుకు వచ్చినవాళ్లు కూడా అందులోనే నిలబడాలేమో అనుకొని నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చింది. కాంపౌండర్ సాబ్ చీటీ మీది నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"పశువేది?"

"నేనే సార్."

అప్పుడు తల ఎత్తాడు. కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూశాడు. "జబ్బేంది?"

"ఏడో తరగతి తప్పిన."

"గీ జబ్బుకు మా తాన మందు లేదు. పో, గా బకెట్ అందుకో."

అలా అందుకున్న బకెట్‌ను రిటైరైన రోజున కింద పెట్టాను. మధ్యలో డ్రెస్సర్‌నయ్యాను, కట్లు కట్టాను, గొట్టంతో మందులు తాగించాను. నా చేతి మందు తాగిన ఏ పశువూ నా మీద ఫిర్యాదు చేయలేదు. బతికినవాటికి నోరు లేదు, పోయినవాటికి తీరిక లేదు.

నవ్వించడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న రోగం. దవాఖానలో దానికి గిరాకీ బాగానే ఉండేది. గేదె తన్నితే మనిషికి ముందు ఏడుపు వస్తుంది, తర్వాత ఎవరైనా ఓ మాట అంటే నవ్వొస్తుంది; ఆ మాట అనడానికి నేనుండేవాణ్ని. కానీ సాయంత్రం గేటు మూసి కిరాయి గదికి పోతే అక్కడ మంచం, కిరసనాయిలు పొయ్యి, ఒక కుండ. ఈ ముగ్గురికీ హాస్యం తెలియదు. నాకు రెండు సంబంధాలు వచ్చాయి. పిల్లల తండ్రులిద్దరూ నా మాటలకు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, పిల్లలను మాత్రం నవ్వు రాని వాళ్లకిచ్చి చేశారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా పక్క వాటా అమ్మాయి తన పిల్లిని చంకనెత్తుకొని వచ్చింది. "తాతా, ఇది చొంగ కారుస్తుంది. ఫోన్‌లో చూస్తే ఒకడు ప్రేమ అంటున్నడు, ఒకడు పిచ్చి అంటున్నడు. ఎవని మాట వినాలె?" అని అడిగింది. ఇద్దరి మాటా నిజమయ్యే వీలుంది. ఆ రెంటికీ నడుమ ఒక మనిషి నలిగిపోవడం నేను చూశాను. ఆ పిల్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

అరవైల నడిమి మాట. ఆ రోజుల్లో పిల్లిని దవాఖానకు తెచ్చేవాళ్లు లేరు. గేదె పాలిస్తుంది, గుర్రం టాంగా లాగుతుంది, కుక్క వాకిట్లో మొరుగుతుంది. పిల్లి ఎవరి కోసం ఏం చేస్తుందని దానికి చీటీ రాయించాలి? అందుకే మాకూ పిల్లుల సంగతి అంతంత మాత్రం. మాకు తెలిసిన నియమం ఒక్కటే, అది కాంపౌండర్ సాబ్ పెట్టింది: నోట్లోంచి చొంగ కారే పశువు ఏదైనా సరే, ముందు చేయి వెనక్కి తీయి. ఆయన వయసులో ఉన్నప్పుడు తనతో పనిచేసే జోడీదారు ఒకడు కుక్క నోట్లో ఎముక ఇరుక్కుందనుకొని చేయి పెట్టాడు. ఇరుక్కున్నది ఎముక కాదు, అది పిచ్చికుక్క. ఆ జోడీదారు పోవడం ఈయన దగ్గరుండి చూశాడు. నేను అన్నిటినీ ఎగతాళి చేశాను కానీ, ఆ నియమం జోలికి పోలేదు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున, యాభై దాటిన మనిషి ఒకాయన ఖాదీ గుడ్డ సంచి ఒకటి రొమ్ముకు ఆనించుకొని వచ్చాడు. అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసుకు కాస్త అవతల ఉన్న గల్లీలో పుస్తకాల బైండింగు చేసేవాడు. బడి పుస్తకాలు, ఆఫీసుల రిజిస్టర్లు కుట్టి అట్టలు వేయడం ఆయన పని. భార్య పోయింది, పిల్లల్లేరు. దుకాణంలోనే పని, దుకాణంలోనే వంట, దుకాణంలోనే పడక. గల్లీలో అందరికీ ఆయన కాక.

"ఏంది కాకా, సంచిల కోడా?" అన్నాను.

"పిల్లి."

"పిల్లికి గూడ దవాఖాననా? రేపు ఎలుకలు గూడ మాకు చీటీ రాయుమని వస్తయి చూస్కో."

ఆయన నవ్వలేదు. "జర డాక్టర్ సాబును పిలువు తమ్మీ. రెండు దినాల సంది ముద్ద ముడుతలేదు."

సంచి మూతి విప్పాడు. బూడిదరంగు చారల పిల్లి. గదుమ కింద నుంచి రొమ్ము దాకా వెంట్రుకలన్నీ తడిసి అంటుకుపోయాయి. పెదవి అంచున చొంగ తీగలా వేలాడుతోంది. వెనక నుంచి కాంపౌండర్ సాబ్ అరిచాడు.

"దూరం జరుగు! కరిచిందా?"

కాక బొటనవేలు చూపించాడు. రెండు పంటి గాట్లు. "నోట్ల ఏమన్న ముల్లు ఇరికిందేమోనని తెరవబోయిన సాబ్. దాని తప్పు లేదు."

"చొంగ ఎప్పటి సంది?"

"చొంగ ఎప్పుడూ ఉన్నదే. ఒళ్లె కూసోబెట్టుకొని గదుమ కింద గోకితే కండ్లు మూసుకొని కారుస్తది. నా ధోతి తడిసిపోతది. గది ప్రేమ సాబ్, జబ్బు గాదు."

"ప్రేమకు పండ్లు దిగయి" అన్నాడు కాంపౌండర్ సాబ్.

డాక్టరు గారు వచ్చారు. కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక కోస్తా నుంచి వచ్చినవారు, వయసులో నాకంటే చిన్న. గేదెను కూడా 'మీరు' అంటారని నేను వెనక చాటుగా అనేవాణ్ని. తోలు చేతొడుగులు వేసుకొని, టార్చి పట్టుకొని పిల్లి నోరు చూశారు. నాలుక కింద దారం లేదు, పళ్ల మధ్య ఎముక లేదు. చిగుళ్లు మాత్రం ఎర్రగా వాచి ఉన్నాయి.

"దవడ వాలిపోలేదు. మనిషిని గుర్తుపడుతోంది. కానీ చొంగ కారుస్తోంది, కరిచింది. బోనులో ఉంచాలండీ. పది రోజులు బతికి బాగుంటే పిచ్చి కాదని అర్థం. మీరు మాత్రం ఇవాళే పెద్ద దవాఖానకు వెళ్లి బొడ్డు చుట్టూ సూదులు మొదలుపెట్టించుకోండి."

"నాకు ఏస్తె ఎయ్యిన్రి సార్. దీన్ని ఇంటికి తీస్కపోత."

"కుదరదండీ."

"గిసోంటిదాన్ని బతకనిచ్చుడే ఖతర" అన్నాడు కాంపౌండర్ సాబ్. "గిప్పుడే ఒక సూది ఇచ్చి పండబెడితే దానికీ సుఖం, మనకూ సుఖం."

డాక్టరు గారు చేతొడుగులు విప్పారు. తర్వాత, "ముదిరితే అలాగే చేద్దాం. ముదరకపోతే చూద్దాం" అన్నారు.

కాక గేటు దాకా వెళ్లి మళ్లీ వచ్చాడు. నా దగ్గర నిలబడి గొంతు తగ్గించి అన్నాడు: "చీకట్ల ఒక్కదానికి ఉండుడు దానికి అలవాటు లేదు తమ్మీ. నాకు గూడ లేదు."

నా నాలుక మీద ఒక మాట సిద్ధంగా ఉండింది. మింగేశాను.

మరునాడు పొద్దున వెనక గదికి భయపడుతూ పోయాను. పిల్లి బోనులో ఒక మూల కూర్చొని ముఖం కడుక్కుంటోంది. గదుమ పొడిగా ఉంది. పాలు పోస్తే తాగింది. మధ్యాహ్నం చిన్న చేప ముక్క వేస్తే కొంచెం కొరికింది. "చూడు సాబ్, పిచ్చికి గిట్ల ఆకలైతదా?" అని కాంపౌండర్‌తో గొప్పగా అన్నాను, ఏదో నేనే నయం చేసినట్టు.

సాయంత్రం పని ముగించుకొని కాక వచ్చాడు. టిఫిన్ డబ్బాలో పాలలో నానబెట్టిన డబల్‌రొట్టె. బోనుకు అవతలే ఉండమని కాంపౌండర్ సాబ్ హుకుం జారీ చేసి చాయకు పోయాడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను, వానను చూడాలన్న కోరిక ఎక్కువై. కాక చువ్వల సందులోంచి వేళ్లతో రొట్టె అందించాడు. పిల్లి రొట్టెను వదిలేసి వేళ్లను నాకింది. తలతో పొడుస్తూ, ముందు కాళ్లతో నేలను పిసుకుతూ, గుర్రు గుర్రుమంటూ నాకింది. చొంగ చుక్కలుగా కారింది.

"చూసినవా, నేనే కావాలె దానికి" అన్నాడు కాక. ముఖం వెలిగిపోయింది.

"గిది ప్రేమ జబ్బే కాకా. డాక్టర్ సాబుతోని అదే రాయిద్దాం" అన్నాను.

ఆయన వెళ్లిన కాసేపటికే పిల్లి కక్కింది. వెనక్కి వెనక్కి జరిగి మూలకు ముడుచుకుంది. చొంగ ఆగలేదు. చాయ తాగి వచ్చిన కాంపౌండర్ సాబ్ చూశాడు. నేరుగా డాక్టరు గారి గదికి పోయి చెప్పాడు. "ముదిరింది సార్."

"రేపు ఒక్కరోజు" అన్నారు డాక్టరు గారు. "రేపు సాయంత్రం కూడా ఇలాగే ఉంటే ఇక బాధపెట్టను."

పొద్దున్నే వచ్చి చూస్తే పిల్లి గదుమ మళ్లీ పొడిగా ఉంది. పాలు తాగింది. మధ్యాహ్నం కూడా బాగానే ఉంది. డాక్టరు గారు వచ్చి బోను ముందు నిలబడి అడిగారు. "నిన్న ఎప్పుడు మొదలైంది?"

"కాక వచ్చి పోయినంక సార్."

"ఇంటి దగ్గర ఎప్పుడూ ఆయన ఒళ్లోనే ఉంటుంది కదూ?"

"ఔ సార్."

సాయంత్రం కాక వచ్చేసరికి డాక్టరు గారు బోను పక్కన ముక్కాలి పీట వేసుకొని కూర్చున్నారు. సూది మందు సీసా కిటికీ గట్టు మీద ఉంది. కాక దాన్ని చూశాడు. అదేమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ముట్టుకోకుండా ఊరికే కూర్చోండి" అన్నారు డాక్టరు గారు.

కాక నేల మీద కూర్చున్నాడు. పిల్లి చువ్వల దగ్గరికి వచ్చింది, ఒళ్లు రుద్దింది, గుర్రుమంది. చాలాసేపు అలాగే ఉన్నారు. నేనే మొదట గమనించాను, లేదా అందరం ఒకేసారి గమనించామేమో. దాని గదుమ పొడిగానే ఉంది.

"మీ చెయ్యి చూపించండి."

కాక రెండు చేతులూ చాపాడు. డాక్టరు గారు టార్చి వేశారు. గోళ్ల అంచుల్లో, వేళ్ల గీతల్లో ఎండిన పిండి తెల్లటి పొరలా ఉంది. ఆ తెలుపులో సన్నగా నీలం.

"ఏం పని చేస్తారండీ మీరు?"

"బైండింగు సార్."

"అంటించడానికి ఏం వాడతారు?"

"లై సార్. మైదాపిండి నీళ్లల్ల ఉడకబెడత. పురుగు పట్టకుంట జర మైలుతుత్తం కలుపుత."

మైలుతుత్తం మాకు కొత్త కాదు. గేదెల గిట్టలు చెడితే ఆ నీలి నీళ్లలోనే ముంచేవాళ్లం. అది నోట్లోకి పోతే విషమని, చొంగా వాంతులూ పట్టుకుంటాయని కాంపౌండర్ సాబ్‌కూ తెలుసు. ఆయన గోడకు ఆనుకున్నాడు.

"ఈ మధ్య ఎక్కువ వేశారా?"

"ముసురు పట్టింది గద సార్. ఒక ఆఫీసు రిజిస్టర్లకు పురుగు పట్టి వాపస్ వచ్చినయి. గందుకని రెట్టింపు ఏసిన." అంటూనే ఆయన మాట నెమ్మదించింది. "లై అంటే దానికి పానం సార్. పని చేసుకుంట చేయి కిందికి పెడితే నాకుతది. గదే నీ జీతం బిడ్డా అంటుంటి. దినమంత నాకుతది…"

బయట స్టేషన్ వైపు ఇంజను కూత వేసింది.

"అంటే, నేను ముట్టుకున్నప్పుడల్లా…" అన్నాడు కాక.

"మీకు తెలియదు కదండీ" అన్నారు డాక్టరు గారు. లేచి సూది సీసాను తీసుకుపోయి అలమారలో పెట్టారు. నన్ను కోడిగుడ్ల కోసం పంపారు. తెల్లసొన పాలలో కలిపి చుక్కచుక్కగా పిల్లికి పట్టించమన్నారు.

నేను తిరిగొచ్చేసరికి కుళాయి దగ్గర ఒక దృశ్యం. మూడు రోజులుగా పిల్లి దగ్గరికి ఎవర్నీ రానివ్వని కాంపౌండర్ సాబ్, గుర్రాల గిట్టలు తోమే బ్రష్షు పట్టుకొని, కాక చేతులు సబ్బుతో తోముతున్నాడు. ఒక్కో గోరూ, ఒక్కో గీతా. తన సొంత తువ్వాలుతో తుడిచాడు కూడా.

"గిప్పుడు ముట్టు" అన్నాడు.

కాక ముట్టుకోలేదు. రెండు చేతులూ కమీజు జేబుల్లో పెట్టుకొని, పిల్లిని చూస్తూ నిలబడ్డాడు.

పది రోజులూ గడిచాయి. పిల్లి బోను చువ్వలెక్కి ఆడుకునేంత బాగైంది. అది పిచ్చి కాదని తేలింది. ఆ రోజుల్లో డాక్టరు గారి వెంటపడి పిల్లి చొంగ గురించి నేను నేర్చుకున్నదే మీకు పనికొచ్చే సంగతి.

ఒళ్లో కూర్చోబెట్టుకొని నిమురుతున్నప్పుడు కళ్లు మూసుకొని, కాళ్లతో పిసుకుతూ చొంగ కారిస్తే భయం లేదు. నిమరడం ఆపితే అదీ ఆగుతుంది. చేప వాసనకు కార్చినా అంతే. సంచిలో పెట్టి రిక్షా ఎక్కిస్తే భయంతో కారుస్తుంది, దింపాక తగ్గిపోతుంది. చేదు మందు పోసినా నురగ కక్కుతుంది. ఆ లెక్కన నా వంట తిన్న మనుషులూ కక్కారు. ఊరికే కూర్చున్నప్పుడు కారుతుంటే మాత్రం ఆలోచించాలి. తిండి ముందు పెడితే ఆశగా వచ్చి కొరకలేక వెనక్కిపోతే పన్నో చిగురో నొస్తోందన్నమాట. నోరు కంపు కొట్టినా, చొంగలో నెత్తురు కనిపించినా, కాలితో మూతిని గీరుకుంటున్నా ఆలస్యం చేయొద్దు. నోట్లోంచి దారం కొస కనిపిస్తే లాగొద్దు, రెండో కొస ఎక్కడుందో మీకు తెలియదు. కక్కుతుంటే, మూలకు పోయి దాక్కుంటే, అది ఏం నాకిందో ఇల్లంతా వెతకండి: మందు డబ్బాలు, నేల తుడిచే నీళ్లు, పూలకుండీలు. మీ చేతులు కూడా చూసుకోండి. దవడ వేలాడినా, నడక తూలినా, గుణం మారి కరిచినా, వేలు పెట్టి చూడకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ప్రేమ అనే మాటను అన్నిటికంటే చివర రాసుకోండి.

పదో రోజున కాక ఖాళీ సంచితో వచ్చాడు. ఆ సంచిలో పిల్లిని పెట్టుకోలేదు.

"మైలుతుత్తం బంద్ చేస్తె పని నిలవది. పురుగు పట్టిన బైండింగుకు మల్ల ఎవడొస్తడు? దుకాణం ఇడిచి నాకు ఇంకో గది లేదు."

"చేతులు కడుక్కొని ముట్టుకోరాదు కాకా."

"నేను యాదిపెట్టుకుంట తమ్మీ. కని చేతులు మరుస్తయి. పని చేసుకుంట చేసుకుంట, తెల్వకుంటనే కిందికి పోతయి." ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు. "నీ గదిల ఎవరు లేరు గద."

ఆ మాట నిజమే కాబట్టి పిల్లి నాతో వచ్చింది. మొదటి వారమంతా తలుపు సందుకు ముక్కు ఆనించి కూర్చుంది. తర్వాత మంచం ఎక్కింది. నేను దానికి బేగంబజార్ నుంచి చేపలు తెచ్చాను. పాలలో మీగడ తీయకుండా పోశాను. దవాఖానలో ఆ రోజు ఎవరు ఎవర్ని తన్నారో రోజూ వినిపించాను. ఒళ్లో కూర్చునేది, చెవులు ఆడించేది. ఒక్క చుక్క చొంగ కార్చింది లేదు.

కాక ఆదివారాలు వచ్చేవాడు. ముందురోజు సాయంత్రమే పని ఆపేసి చేతులను చింతపండుతో ఒకసారి, కుంకుడుకాయతో ఒకసారి తోముకునేవాడు. ఎర్రగా కందిపోయేవి. నా గడపలో నిలబడి, బడిలో గోళ్లు చూపించే పిల్లాడిలా రెండు చేతులూ నా ముందు చాపేవాడు. నేను గంభీరంగా చూసి, సరే అన్నాకే లోపలికి అడుగుపెట్టేవాడు. గోడకు ఆనుకొని కూర్చునేవాడు. పిల్లి ఆయన ఒళ్లోకి ఎక్కేది. ఆయన మాట్లాడేవాడు కాదు. గదుమ కింద ఒక వేలు, అంతే. ఇద్దరూ కళ్లు మూసుకునేవాళ్లు. కాసేపట్లో ఆయన ఉతికిన ధోతి మీద తడి మచ్చ పడేది. ఆయన దాన్ని ఒకసారి చూసుకొని మళ్లీ కళ్లు మూసుకునేవాడు. నేను నా గదిలోనే, నా మంచం మీదే, ఎవరి ఇంటికో వచ్చినవాడిలా కూర్చునేవాణ్ని. అయినా శనివారం నుంచే ఆదివారం కోసం చూసేవాణ్ని.

చాలా ఆదివారాలు చూశాక ఒకసారి ఉండబట్టలేక అన్నాను.

"గిదేం న్యాయం కాకా? చేపలు నావి, పాలు నావి, కిరాయి నాది. దినాం దానికి ముచ్చట్లు గూడ చెప్తున్న. చొంగ మాత్రం నీ ధోతి మీదనా?"

కాక కళ్లు తెరవలేదు. గోకే వేలు ఆపలేదు.

"అది నోరు తెరవాల్నంటే ముందుగాల నువ్వు మూయాలె గద తమ్మీ" అన్నాడు.